నైట్ హాల్ట్ చేస్తే తెలిసే ఊళ్లు

మా ఆయన ఆర్టీసీలో డ్రైవరు చేసి రిటైరయ్యారు. సర్వీసులో సగానికి పైగా నైట్ హాల్ట్ డ్యూటీలే. సాయంత్రం ఆఖరి బస్సు ఊళ్లోకి తీసుకుపోవడం, రాత్రి అక్కడే బస్సులోనో బడి వరండాలోనో పడుకోవడం, తెల్లారకముందే అదే బండిని మొదటి బస్సుగా వెనక్కి తేవడం. దోమలకు, కరెంటు కోతలకు భయపడి డిపోలో చాలామంది ఆ డ్యూటీ తప్పించుకునేవాళ్లు. ఈయన అడిగి మరీ వేయించుకునేవారు. "ఆఖరి బస్సు ఆగినాకే ఊరు మొదలవుద్ది" అనేవారు. నేను హైస్కూల్లో తెలుగు చెప్పినదాన్ని. నాకు ఊరంటే పొద్దున తొమ్మిదిన్నరకు మొదలై సాయంత్రం నాలుగుంపావుకు అయిపోయేది.

ఇద్దరి పెన్షన్ డబ్బులూ కలిపి పాత ట్రావెలర్ బండి ఒకటి కొన్నాం. విజయవాడ ఆటోనగర్‌లో సీట్లు పీకించి ఇల్లులాగా చేయించాం. మడిచే మంచాలు, రెండు పొయ్యిల స్టవ్వు, నీళ్ల ట్యాంకు, పైన సోలార్ పలక, వెనకమూల చిన్న బాత్రూమ్. బండి ధర కన్నా ఆ పనికే ఎక్కువైంది. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య ఒక్కటే ఒప్పందం: చేరిన రోజే ఏ ఊరూ వదలకూడదు.

ఈసారి బతుకమ్మ రోజుల్లో రాజమండ్రి నుంచి మా చెల్లెలు, మరిది వచ్చారు. మరిది బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. ఫోన్లో చూడాల్సిన గుళ్లూ కోటలూ గంటల లెక్కన రాసుకొచ్చాడు. నల్లగొండలో ఎక్కి కర్నూల్లో దిగే ఏర్పాటు. కోదాడ నుంచి మేం ముందే వెళ్లి వాళ్ల కోసం చూస్తున్నాం.

పెత్తరమాస, నల్లగొండ

రైలు దిగుతూనే మా చెల్లెలు పూతరేకుల డబ్బాలు నా చేతిలో పెట్టింది. "బావా, ఇందులోనా పడుకునేది మనం నలుగురం?" అని బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. "మీరు ముగ్గురు లోపల. నాకు బయట మడతమంచం" అన్నారు మా ఆయన. ఆయనకు అదే ఇష్టం.

గడియారం సెంటర్ వైపు టిఫిన్‌కు వెళ్లాం. పెత్తరమాస కదా, మటన్ కొట్ల దగ్గర జనం రోడ్డు మీదికి వచ్చేశారు. పెద్దలకు పెట్టుకునే రోజు కాబట్టి ఇక్కడ చాలా ఇళ్లలో యాట కూర ఉండాల్సిందే. మరిది ఆ క్యూ చూసి "మా ఇంట్లో ఈ అమావాస్యకి నీచు ముట్టమండీ వదినగారూ" అన్నాడు. సరే, ఇడ్లీ తినమన్నాం. ఇడ్లీ మీద కారప్పొడి, దాని మీద నెయ్యి, పక్కన పల్లీ చట్నీ, అల్లం చట్నీ. కారప్పొడి చూసి మురిపెంగా కలుపుకున్నాడు. రెండో ముద్దకు చెవులు ఎర్రబడ్డాయి. "ఆయ్, ఇది కారవేనా అండీ, నిప్పా?" అన్నాడు. సర్వర్ కుర్రాడు నవ్వి, అడగకుండానే ఇంకో గరిటె నెయ్యి వేసి పోయాడు. నలుగురికీ టిఫిన్, టీలతో 260 రూపాయలు.

బండి మా ఆయన పాత దోస్తు ఖాళీ ప్లాటులో పెట్టాం. గంట గడిచిందో లేదో, ఒకావిడ స్టీలు గిన్నె పట్టుకుని వచ్చింది. "అన్నా, రెండు మసాల దోశ కట్టు" అంది. స్టవ్వు కనపడింది కదా మరి. మా చెల్లెలికి నవ్వు ఆగలేదు. దోశ లేదని చెప్పి రెండు పూతరేకులు ఇచ్చి పంపాం. సాయంత్రం ఆవిడే మమ్మల్ని పిలవడానికి వచ్చింది, అది తర్వాత.

ట్యాంకులో నీళ్లు నింపుతుంటే "ఇక్కడి నీళ్లు తాగచ్చా? ఫ్లోరైడ్ అంటారు కదా" అని మరిది అడిగాడు. ఈ జిల్లా పేరు చెప్పగానే బయటివాళ్లకు ముందు గుర్తొచ్చేది అదే. పటిక, సున్నం వాడి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరుంది. నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేశారు. బోరు నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయిన పిల్లలకు నేను పాఠం చెప్పాను, ఆ సంగతి వేరే రాయాలి. ఇప్పుడు నల్లాల్లో కృష్ణ నీళ్లు వస్తున్నాయి. నింపుకున్నాం, తాగాం.

మధ్యాహ్నం బత్తాయిలు కొన్నాం. బత్తాయి తోటలకు నల్లగొండ పెట్టింది పేరు, కాలం కూడా ఇదే. పండు పైకి పచ్చగానే ఉంటుంది. పసుపు రంగు కోసం వెతకొద్దని మరిదికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

సాయంత్రం దోశలావిడ ఇంటి వాకిట్లో ఎంగిలిపూల బతుకమ్మ పేర్చారు. పండుగలో మొదటి రోజుది ఆ పేరు, ఒక్కో రోజుకు ఒక్కో పేరు. తంగేడు ఒక వరస, రంగు అద్దిన గునుగు ఒక వరస, బంతి, కట్లపూలు, పైన గుమ్మడిపువ్వులో పసుపు గౌరమ్మ. తంగేడు ఇదివరకు ఊరి బయటికి పోతే దొరికేది, ఇప్పుడు కట్ట 30 రూపాయలు. మా చెల్లెలికి కూడా ఒక చిన్న పళ్లెంలో పేర్చి ఇచ్చారు. "మాకు ఇది రాదండీ" అంటే, "రాకపోతే ఏంది, కాళ్లు చేతులు ఉన్నయ్ కదా" అని గుంపులోకి లాగారు.

ఆ వీధి చివర గుడి ముందు రెండు గుంపులు. ఒకచోట డీజే బాక్సులు పెట్టి, రికార్డు పాటలకు అమ్మాయిలు కోలాటం ఆడుతున్నారు. అక్కడ మన గొంతు మనకే వినపడదు. రెండో గుంపులో మైకు కూడా లేదు. అరవై దాటిన ఆవిడ ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు "ఉయ్యాలో" అని అందుకుంటున్నారు. వంగి ఒక చప్పట్టు, లేచి ఒక చప్పట్టు, ఒక అడుగు పక్కకు. వినడానికి సులువుగానే ఉంటుంది గానీ, పది నిమిషాలకు నడుం పట్టేస్తుంది. పాటలో ఆడపిల్ల పుట్టింటికి వచ్చే దారంతా ఉంది: వాగు, అన్న, వదిన చిన్నబుచ్చిన మాట. పాత పాటే అయినా, ఆవిడ మధ్యలో ఈ వీధి కోడళ్ల పేర్లు ఇరికించి పాడింది, అందరూ గొల్లుమన్నారు. డీజేకు ఆ పని చేతకాదు. వచ్చే ఏటికి ఆ బాక్సులు రెండో గుంపును కూడా మింగేస్తాయేమోనని నాకు బెంగ.

మగవాళ్లు చేసింది ఏమిటంటే, బతుకమ్మలు చెరువు దాకా మోయడం. మరిది తలమీద ఒకటి పెట్టారు. బ్యాంకు మేనేజరు అని చెప్పుకున్నా వదల్లేదు. నీళ్లలో వదిలాక "ఇస్తినమ్మ వాయినం", "పుచ్చుకుంటినమ్మ వాయినం" అనుకుంటూ నువ్వుల పొడి, నూకల పొడి చేతుల్లో పెట్టుకున్నారు. మా చెల్లెలి కొంగు నిండిపోయింది. రాత్రి పదకొండింటికి బండి దగ్గరికి వస్తే దోశలావిడ ఇంట్లోంచి గిన్నె వచ్చింది. మూత తీస్తే యాట కూర, గారెలు. మరిది అమావాస్య నియమం ఏమైందని మేం అడగలేదు, ఆయనా చెప్పలేదు.

అటుకుల బతుకమ్మ, పానగల్లు, సాగర్

పానగల్లు ఊరి పక్కనే. ఛాయా సోమేశ్వరాలయంలో మూడు గర్భగుళ్లు ఒకే మండపంలోకి తెరుచుకుంటాయి. కందూరు చోళుల కాలం నాటిది. వాటిలో ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద నిలువుగా ఒక స్తంభం నీడ పడుతుంది. పగలంతా అది కదలదు. మరిది ఊరుకోలేదు. ఒక్కో స్తంభం ముందు నిలబడి తన నీడ పడుతుందేమో చూడమని మా చెల్లెల్ని లోపల నిలబెట్టాడు. తన నీడ ఎక్కడా లేదు, స్తంభం నీడ అలాగే ఉంది. ఒక్క స్తంభం నీడ కాదు అది. పక్కల నుంచి వచ్చే వెలుతురు నాలుగైదు స్తంభాల మధ్యగా పోయి అలా ఏర్పడుతుంది. ఇది తెలిసి కట్టారు చూడండి, ఆ మేస్త్రీలకు దండం పెట్టాలి. అదే ఊళ్లోని పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది శిల్పాలకు ఇంకో గంట ఇవ్వాల్సింది. ఎండ ఎక్కడంతో లేచాం.

సాగర్‌లో గేట్లు ఎత్తారని వార్త. హైదరాబాద్ కార్లన్నీ అక్కడే ఉన్నాయి. మొత్తం 26 గేట్లు. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. వరద ఎక్కువగా ఉందని నాగార్జునకొండ లాంచీలు ఆపేశారు. మరిది పట్టికలో ఒక గంటన్నర ఖాళీ అయింది, ముఖం కూడా అలాగే అయింది. వేయించిన చేపలు పళ్లేల్లో పెట్టుకుని పిల్లలు కారు అద్దాల దగ్గరికి వస్తున్నారు. మా ఆయన ముట్టనివ్వలేదు. "చేపలు జూరాల దగ్గర తిందాం, ఆగండి" అన్నారు.

చీకటి పడ్డాక కార్లన్నీ వెళ్లిపోయాయి. హిల్ కాలనీలో బండి పెట్టుకుని అన్నం, పప్పుచారు వండుకున్నాం. పక్క క్వార్టర్స్ పిల్లలు అటుకులు, బెల్లం తెచ్చి, బండి లోపల చూడనిస్తారా అని అడిగారు. పొద్దుపోయేదాకా పై మంచం ఎక్కడం దిగడం వాళ్ల పని.

ముద్దపప్పు బతుకమ్మ, దేవరకొండ దారి

కొండమల్లేపల్లి దాటాక మా ఆయనకూ మరిదికీ పేచీ. ఈయన ఫోన్ మ్యాపు చూడరు. "ఈ రోడ్డు మీద బస్సు తోలినోణ్ని" అంటారు. మరిది ఫోన్ చూస్తూ, "అన్నయ్యగారూ, ఎడమకి తిరిగితే పన్నెండు కిలోమీటర్లు కలిసొస్తుందండీ" అన్నాడు. చుట్టం మాట కాదనలేక ఈయన తిప్పారు. తారురోడ్డు సిమెంటు రోడ్డయింది, సిమెంటు రోడ్డు మట్టిరోడ్డయింది, మట్టిరోడ్డు పత్తిచేలో కలిసింది. ముందురోజు వాన. వెనక చక్రం దిగబడింది.

ఫోన్ మాత్రం ఇంకా ముందుకే పొమ్మంటోంది.

ఇటువైపు లంబాడా తండాలు ఎక్కువ. పావుగంటలో ఇరవైమంది చేరారు. వాళ్ల మొదటి ప్రశ్న "అంబులెన్సా?" అని. "ఎవరికి బాగలేదు?" అని ఒక ముసలమ్మ మా చెల్లెలి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. బండిలోనే ఉంటాం, వండుకుంటాం, పడుకుంటాం అంటే నమ్మలేదు. "ఇల్లు లేదా బిడ్డా మీకు?" అని జాలిపడింది. కోదాడలో రెండంతస్తుల ఇల్లుందంటే, ఇంకా జాలిపడింది.

ట్రాక్టర్ వచ్చే లోపల అన్నం టైమయింది. ఆ ముసలమ్మ ఇంటి ముందు కట్టెలపొయ్యి మీద ఆమె కోడలు జొన్నరొట్టెలు చేస్తోంది. పిండి ముద్దను రెండు చేతుల మధ్య తిప్పుతూ చరుస్తుంటే ఆ చప్పుడుకే ఆకలేస్తుంది. వేడి రొట్టె, ఎర్రకారం, పచ్చి ఉల్లిగడ్డ, మజ్జిగ. మేం కూర్చోలేదు, మమ్మల్ని కూర్చోబెట్టారు. "తినిపోండ్రి, బండి యాడికి పోతది" అన్నారు. నిజమే, అది ఎటూ పోయే స్థితిలో లేదు. నల్లగొండలో కారానికి బెదిరిన మరిది ఇక్కడ ఎర్రకారం రెండోసారి అడిగాడు.

ట్రాక్టర్ అబ్బాయి తాడు కట్టి రెండు లాగుల్లో బయటకు తెచ్చాడు. మా ఆయన 500 నోటు తీశారు. తీసుకోలేదు. "డీజిల్‌కన్నా" అంటే, "ఇంత దూరం వచ్చిన చుట్టాలతోని పైసలా" అన్నాడు. బత్తాయిల సంచి మొత్తం పిల్లలకు ఇచ్చేశాం. ఆ ముసలమ్మ అద్దాల రవిక, చేతినిండా గాజులు మా చెల్లెలు ఫోటో తీసుకోబోతే, ఉండమని లోపలికి పోయి పైట మార్చుకుని వచ్చి నిలబడింది.

దేవరకొండ కోట దూరం నుంచే చూశాం. రేచర్ల పద్మనాయకుల కోట. ఎక్కాలంటే పొద్దున్నే ఎక్కాలి. మరిది పట్టికలో ఇంకొకటి కొట్టేశాడు. కానీ ఆ రోజు నుంచి పట్టిక తీయడం తగ్గిందని గమనించాను.

నానబియ్యం బతుకమ్మ, మహబూబ్‌నగర్

జడ్చర్ల దగ్గర రోడ్డు పక్కన బుట్టలతో సీతాఫలాలు. ఈ జిల్లాలోని బాలానగర్ పేరుతోనే ఒక సీతాఫలం రకం ఉంది, తోటలు వేసేవాళ్లు ఎక్కడైనా ఆ పేరే అడుగుతారు. ఈ గుట్టల మీద అదే కాస్తుంది. బుట్ట 200 చెప్పి 150కి ఇచ్చింది. "కండ్లు తెరిసినయి ఇయ్యాల తినుండ్రి, మూసుకున్నయి రేపటికి" అని విడివిడిగా పెట్టి ఇచ్చింది. పండు గుండ్ల మధ్య చీలికలు తెల్లబడితే కళ్లు తెరిచినట్టు.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టారు గానీ ఊళ్లోవాళ్లకు ఇప్పటికీ ఇది పాలమూరే. ఊరి బయట పిల్లలమర్రి. సుమారు 700 ఏళ్ల చెట్టు, మూడెకరాల మేర పరుచుకుంది. 2017 చివర్లో పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడితే, చెదలు తినేసిందని తేలింది. అప్పుడు మనుషులకు సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి కొమ్మల్లోకి మందు ఎక్కించారు. బరువు కొమ్మలకు కింద సిమెంటు దిమ్మెల ఆసరా. మా ఆయన మహబూబ్‌నగర్ డిపోలో ఉన్నప్పుడు పిల్లలు ఆ ఊడలు పట్టుకుని ఊగేవాళ్లట. ఇప్పుడు ఎవరూ ముట్టకూడదు. మంచిదే.

సాయంత్రం బస్టాండు వైపు రోడ్డు మీద రొట్టెల పొయ్యిలు వెలుగుతాయి. వరసగా ఆడవాళ్లు కూర్చుని జొన్నరొట్టెలు చేస్తుంటారు, ఒక్కోటి 20 రూపాయలు. పక్కన పాలకూర పప్పు, వంకాయ కూర, పల్లీల పొడి. పనుల నుంచి వచ్చే మేస్త్రీలు, లారీ డ్రైవర్లు, ఆఫీసు వాళ్లు ఒకే బల్ల మీద. రొట్టె పలచగా, అంచు కరకరలాడుతూ. షుగరున్నవాళ్లు ఎక్కువయ్యాక ఈ పొయ్యిలు కూడా పెరిగాయట. "ఎన్క పేదోళ్లు తినేది, ఇప్పుడు డాక్టర్ రాసిచ్చినోళ్లు తింటున్రు" అంది రొట్టెలామె. నలుగురికీ 240 అయింది, అందులో మూడు రొట్టెలు మరిదివే.

అక్కణ్నుంచి మా ఆయన పాత కండక్టర్ ఇంటికి. ఇద్దరూ ఒకే నైట్ హాల్ట్ బస్సు మీద ఏళ్ల తరబడి చేశారు. బస్సు టాపు మీద పడుకుని ఇద్దరూ తత్వాలు పాడుకునేవాళ్లట. ముప్పై ఏళ్లకు పైగా కాపురం చేసినా మా ఆయన పాడతారని నాకు తెలియదు! హార్మోనియం, తబలా, తాళాలు సిద్ధంగా ఉన్నాయి. ఆ వీధిలో శనివారం శనివారం భజన చేసే గుంపే, మా కోసం ఆ రోజు కూడా కూర్చున్నారు. మొదట తత్వాలు, తర్వాత వలసల పాటలు. పాలమూరు కూలీలు డ్యాములు, కాలువలు కట్టడానికి దేశమంతా తిరిగినవాళ్లు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, బిడ్డను ముసలమ్మ దగ్గర వదిలి లారీ ఎక్కడం, తిరిగొచ్చేసరికి బిడ్డ తల్లిని గుర్తుపట్టకపోవడం. రెండు రోజుల కింద సాగర్ గేట్లు చూసి వచ్చినవాళ్లం కదా, మాలో ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత ఒక కుర్రాడు కిన్నెర తీశాడు. వెదురు కర్ర, దానికి ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనంతో అతికించిన మెట్లు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక ఈ వాద్యం పేరు నలుగురికీ తెలిసింది. 2024లో బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకు పద్మశ్రీ వచ్చింది, ఆయనది నారాయణపేట జిల్లా దామరగిద్ద. కుర్రాడు వాయించింది పండుగ సాయన్న కథ. ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పెట్టినవాడని ఈ జిల్లాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కిన్నెర గొంతు చిన్నది. ఫ్యాన్ ఆపితేగాని సరిగ్గా వినపడలేదు. చెమటలు కారుతున్నా ఎవరూ ఫ్యాన్ వేయమనలేదు. కుర్రాడు డిగ్రీ చదువుతున్నాడు; పెళ్లిళ్లకు డీజే కూడా కొడతాడట, దానికి 3,000 ఇస్తారు. కిన్నెరకు ఎంత ఇస్తారని అడిగితే నవ్వి, "చాయ్ పోస్తరు" అన్నాడు. మరిది జేబులోంచి రెండు 500 నోట్లు తీసి కిన్నెర పక్కన పెట్టాడు. ట్రాక్టర్ అబ్బాయిలా కాకుండా ఇతను తీసుకున్నాడు. తీసుకోవాలి కూడా.

అట్ల బతుకమ్మ, జూరాల

దేవరకద్ర, ఆత్మకూరు మీదుగా జూరాలకు చేరేసరికి పదకొండు. కృష్ణ మన రాష్ట్రంలో అడుగుపెట్టాక కట్టిన మొదటి ప్రాజెక్టు ఇది. గేట్ల దగ్గర ఎంతసేపు నిలబడ్డామో గానీ, ఎక్కువసేపు నిలబడింది చేపల పాకల దగ్గరే. చేప చూపిస్తే తూకం వేసి, కడిగి, కారం ఉప్పు పట్టించి పెద్ద మూకుట్లో వేయిస్తారు. రవ్వ చేప కిలో, వేయించిన కూలీతో కలిపి 350 తీసుకున్నాడు. గోదావరి మనిషి కదా, మరిది మొదట పరీక్ష పెట్టినట్టు ఒక ముక్క తీసుకున్నాడు. "పులసతో పోల్చను గానండీ..." అని ఆపేశాడు. మిగతా మాట పూర్తి చేయకుండానే పళ్లెం ఖాళీ చేశాడు. మసాలా లేదు, మైదా లేదు. అప్పుడే పట్టిన చేపకు అంతకన్నా అక్కర్లేదు.

అలిగిన బతుకమ్మ, గద్వాల

ఆరో రోజు బతుకమ్మ పేర్చరు, అమ్మవారు అలిగిందంటారు. ఆడవాళ్లకు సాయంత్రం ఖాళీ కాబట్టి మా ఇద్దరి అడుగులూ చీరల వైపు పడ్డాయి.

అంతకు ముందు టిఫిన్. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ నడిగడ్డలో పొద్దున్నే ఉగ్గాని. తడిపిన బొరుగులకు ఉల్లి, పచ్చిమిర్చి తాలింపు, పైన పుట్నాల పొడి, పక్కన మిరపకాయ బజ్జీ. ప్లేటు 40. మాట కూడా ఇక్కడ మారుతుంది; కర్నూలు, రాయచూరు రెండూ వినిపిస్తాయి. హోటలాయన మా చెల్లెల్ని చూసి, "యా ఊరమ్మా మీది? మెల్లగ మాట్లాడుతున్నారు" అన్నాడు.

చీర నేసే ఇంటికి కండక్టర్ గారే ఫోన్ చేసి పంపారు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. నేసేటప్పుడే నూలు పోగులనూ పట్టు పోగులనూ ఒకదానిలో ఒకటి పట్టించి కలుపుతారు, కుట్టు ఉండదు. ఆ జోడింపు దగ్గరే పనంతా. అక్కడ ఒకరు మగ్గం మీద కూర్చుంటే, అంచుల దగ్గర అందించడానికి ఇంకొకరు కావాలి. ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరూ కూర్చుంటే చీరకు నాలుగైదు రోజులు. మా చెల్లెలు ఆకుపచ్చ ఒంటికి మామిడిపండు రంగు అంచున్నది 9,500కి తీసుకుంది. బేరం ఆడబోతే నేను గిల్లాను. ఆ మగ్గం చూశాక బేరమేమిటి?

కోట సోమనాద్రి కట్టించింది, లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది, కాలేజీ ఉంది. పండితులను పిలిచి సత్కరించే సంస్థానం కాబట్టి దీన్ని 'విద్వద్గద్వాల' అనేవారు. ఇప్పుడు కోట గోడకు ఆనుకుని కాలేజీ పిల్లలు సెల్ఫీలు తీసుకుంటున్నారు. గోడల మీద చెట్లు మొలిచాయి. ఇంత పేరున్న చోట ఆ చరిత్ర చెప్పే ఒక మంచి బోర్డు కనపడకపోవడం నాకు కోపం తెప్పించింది.

వేపకాయల బతుకమ్మ, ఆలంపురం

నవబ్రహ్మ ఆలయాలు పేరుకు బ్రహ్మవి గానీ అన్నీ శివుడి గుళ్లే. బాదామి చాళుక్యుల కాలం, ఏడూ ఎనిమిదో శతాబ్దాలు. మన వైపు గుళ్లకు అలవాటైన కళ్లకు ఆ గుండ్రంగా పైకి పోయే శిఖరాలు కొత్తగా ఉంటాయి, ఒరిస్సా వైపు వెళ్లినట్టు అనిపిస్తుంది. జోగులాంబ గుడి మాత్రం 2005లో మళ్లీ కట్టింది. నవరాత్రులు కదా, క్యూ పొడుగ్గా ఉంది. ముందు నిలబడ్డ కర్నూలు ఆవిడ గంటసేపట్లో తన ఇద్దరు కోడళ్ల సంగతీ చెప్పేసింది.

చీకటి పడ్డాక గుడి బయట పల్లెల నుంచి వచ్చిన చెక్కభజన జట్టు ఒకటి మొదలెట్టింది. చేతుల్లో చెక్కలు, కాళ్లకు గజ్జెలు, గురువు కేక వేయగానే వరస తిరిగిపోతుంది. కారుల్లో వచ్చినవాళ్లు అప్పటికి కర్నూలు లాడ్జీలకు వెళ్లిపోయారు. మిగిలింది ఊరివాళ్లు, మేము. పదింటి దాకా ఆడారు. మధ్యలో మా ఆయన జట్టు గురువు పక్కన చేరి తాళం అందుకున్నారు. మా చెల్లెలు నా చెవిలో "అక్కా, బావ ఇన్నేళ్లూ ఎందుకు దాచాడే ఇది?" అంది. నన్నడిగితే?

మర్నాడు కర్నూల్లో వాళ్లను దించాం. మరిది పట్టికలో ఇరవై పైచిలుకు చోట్లుంటే సగం కూడా చూడలేదు. సంక్రాంతికి కాకుండా మామిడికాయల కాలంలో వస్తామని, కొల్లాపూర్, సోమశిల వైపు పోదామని తనే అన్నాడు. ఈసారి పట్టిక నేను రాస్తానన్నాను.

ఖర్చు చాలామంది అడుగుతారు కాబట్టి రాస్తున్నాను. డీజిల్ 8,700, నలుగురి తిండి దాదాపు 7,000, లాడ్జి సున్నా. రెండుచోట్ల రాత్రి బండి పెట్టుకున్నందుకు వాచ్‌మన్‌కు వందేసి. చీర ఖర్చు ఇందులో కలపలేదు, అది మా చెల్లెలి ఖాతా. డీజిల్ లెక్క మాత్రం మా ఆయన ఒప్పుకోవడం లేదు. డిపోలో కేఎంపీఎల్‌కు, అంటే లీటరుకు ఎక్కువ కిలోమీటర్లు తెచ్చినందుకు, ఆయన పేరు బోర్డు మీద ఉండేది. ఈసారి 9.4 వచ్చిందని, ఆ పత్తిచేలో చక్రం తిరిగిన డీజిల్ తీసేస్తే పది దాటాలని, మరిదికి ఫోన్ చేసి మరీ చెబుతున్నారు.